నెగెటివులు – స్కానర్లు : ఇంటి ఉపయోగానికి తగిన ఎంపిక

ఛాయాచిత్రం లేని ఇల్లు నేడు లేదు. కాని నెగెటివును చేతితో పట్టి చూసిన విద్యార్థులు మన కళాశాలలో ఎందరున్నారని ప్రశ్నిస్తే జవాబు చెప్పడం కష్టం. గత సంవత్సరం ఒక తరగతిలో నేనొక నెగెటివు ముక్కను విద్యార్థుల చేతికి ఇచ్చినాను. ఒకరు దానిని ఎక్స్‌రే అన్నారు. మరొకరు పాడైపోయిన ఫోటో అన్నారు. ఆ రెండు జవాబులూ పూర్తిగా తప్పు కావు. తెల్లని చొక్కా నల్లగానూ, నల్లని జుట్టు తెల్లగానూ కనబడే ఆ చిన్న ఫిలిం ముక్కయే అసలు చిత్రం. మన గోడలకు వ్రేలాడే పటాలన్నీ దాని నకళ్ళు మాత్రమే. పటం చిరిగిపోతే నెగెటివు నుండి మరొకటి తీయవచ్చును. నెగెటివే నశిస్తే తిరిగి చేయగలిగినది లేదు.

ఈ సంగతి ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఉన్నది. పర్చూరులో చిరకాలం నడిచిన ఒక ఫోటో స్టూడియో మూతపడినది. ఆ ఇంటివారు గది ఖాళీ చేయుచూ రేకు పెట్టెలలోని నెగెటివులను ఏమి చేయవలెనని ఆలోచనలో పడినారు. నలుపు తెలుపు నెగెటివులలో చిత్రాన్ని ఏర్పరచేది వెండి. ఆ వెండి కోసం పాత ఫిలింను బరువు లెక్కన కొనేవారున్నారు. అట్టి వ్యాపారి ఒకరు అప్పటికే వచ్చి బేరమాడి వెళ్ళినారు. మన కళాశాల తొలి సంవత్సరాల గ్రూపు ఫోటోలు, ఉర్దూ విభాగం వారి ముషాయిరాల చిత్రాలు ఆ పెట్టెలలోనే ఉన్నవి. చుట్టుపక్కల గ్రామాల వారి పెండ్లి చిత్రాలు సరేసరి. కమిటీ పెద్దలు పెట్టెలను కళాశాలకు తెప్పించి, "వీటిని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఏ యంత్రం కొనవలెను?" అని నన్ను అడిగినారు. వారికి నోటిమాటగా చెప్పిన దానినే, విద్యార్థుల ఇండ్లలోనూ ఇట్టి పెట్టెలుంటాయి గనుక, ఇక్కడ విపులంగా వ్రాస్తున్నాను.

ఫిలింను స్కాన్ చేసి కాపాడుకోవడం మన తెలుగువారికి కొత్త కాదు. 1957లో నలుపు తెలుపులో విడుదలైన 'మాయాబజార్' 2010లో రంగులు దిద్దుకొని మరల థియేటర్లకు వచ్చినది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి 'దేవదాసు', 'మిస్సమ్మ' వంటి పాత చిత్రాలను దేశంలోని పలు నగరాలలో మరల తెరపై చూడగలిగినారు. దీనికి మారుగా, 2003 జనవరిలో పుణె నగరంలోని నిల్వగదిలో చెలరేగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత నైట్రేటు ఫిలింలు తిరిగిరాని విధంగా బూడిద అయినవి. మన పెట్టెలలోనివి ఆ కోవకు చెందిన మండే ఫిలింలు కావు గాని, వాటికి శత్రువులు వేరే ఉన్నారు. వారిని గురించి తరువాత చెప్పెదను.

యంత్రం కొనడానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. దానిని చాలామంది చేయరు. ఇంటిలో ఎట్టి నెగెటివులు ఉన్నవో, ఎన్ని ఉన్నవో స్కేలు పెట్టి కొలిచి లెక్కించవలెను. మన ప్రాంతంలో ప్రధానంగా రెండు కొలతలు కనబడతాయి. మొదటిది 120 రకం. దీనిపై చిత్రం చదరంగా, సుమారు 56 మిల్లీమీటర్ల భుజంతో ఉంటుంది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఒక చుట్టకు ఇట్టి చిత్రాలు పన్నెండు తీసేది. స్టూడియో వారి జంట కటకాల యాషికా కెమెరాలదీ అదే కొలత. రెండవది 35 మిల్లీమీటర్ల రకం. అంచులలో రంధ్రాలుండి, చిత్రం 24కు 36 మిల్లీమీటర్లు ఉంటుంది. రంగుల ఫిలిం వాడుకలోకి వచ్చిన తరువాతి పెండ్లిండ్లన్నీ దాదాపు దీనిమీదనే. ఫిలిం అంచు మీద 'ఇందు' అనియో, 'ఓర్వో' అనియో ముద్ర కనబడితే, మొదటిది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ వారి సరకనీ, రెండవది తూర్పు జర్మనీ నుండి దిగుమతి అయినదనీ గ్రహించవచ్చును. ఊటీ కర్మాగారం నేడు లేదు.

ఇక స్కానర్ల పెట్టెలమీద పెద్ద అక్షరాలతో ముద్రించే డి.పి.ఐ. సంఖ్య సంగతి. ఒక అంగుళం పొడవులో యంత్రం ఎన్ని చుక్కలను చదువుతుందో తెలిపే సంఖ్య ఇది. అమ్మేవారు దీనినే ముందు చూపుతారు. కొనేవారు దీనికే మోసపోతారు. చదవడం వేరు, విడివిడిగా గుర్తించడం వేరు. ఎప్సన్ వారు 2009లో తెచ్చిన పర్ఫెక్షన్ వి 600 అనే బల్లపరుపు స్కానరు మీద 6400 అని ఉంటుంది. సన్నని గీతలున్న పరీక్షా ఫలకం పెట్టి చూసినవారికి నిజంగా దక్కినది సుమారు 1500 మాత్రమే. అదే సంస్థ 2014లో తెచ్చిన వి 850 దీనికన్న మెరుగు, అయినను 2300 ప్రాంతంలో ఆగుతుంది. 35 మిల్లీమీటర్లకే ప్రత్యేకించిన ప్లస్టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ యంత్రాల మీద 7200 అని వ్రాసి ఉన్నా, చేతికందేది దానిలో సగానికి అటూ ఇటూ.

అయితే 1500 పనికిరాదా? ఇక్కడే లెక్క వేయవలెను. కాగితంపై చిత్రం చక్కగా రావడానికి అంగుళానికి 300 చుక్కలు చాలును. 35 మిల్లీమీటర్ల నెగెటివు పొడుగు భుజం 1.42 అంగుళాలు. 1500తో చదివితే 2100 చుక్కలు వస్తాయి, అనగా 7 అంగుళాల పటం. ఆల్బంలో అతికించుకొనే పోస్టుకార్డు పరిమాణానికి ఇది ధారాళం. 12 అంగుళాల పటం కావలెనంటే మాత్రం 2500 పైబడిన నిజమైన శక్తి అవసరం. అదే 120 రకం నెగెటివు అయితే భుజం 2.2 అంగుళాలు గనుక, అదే సాధారణ స్కానరుతో 3300 చుక్కలు, 11 అంగుళాల పటం లభిస్తాయి. క్లిక్ త్రీ వంటి సాదా కటకపు కెమెరాతో తీసిన చిత్రంలో అంతకు మించిన సూక్ష్మత సాధారణంగా ఉండనే ఉండదు. కనుక ఒకే యంత్రం ఒక ఇంటికి చాలినదై, మరొక ఇంటికి చాలనిది కావచ్చును.

ఎక్కువ సంఖ్య పెట్టి స్కాన్ చేస్తే నష్టమేమి అని అడుగుతారు. ఒక చదరపు నెగెటివును 6400తో, 16 బిట్ల నలుపు తెలుపులో భద్రపరిస్తే ఫైలు దాదాపు 400 మెగాబైట్లు అవుతుంది. 2400తో చేస్తే 56 మెగాబైట్లు. చిత్రంలో వివరం రెండింటిలోనూ దాదాపు ఒకటే.

యంత్రాలలో నాలుగు తెగలు కనబడుచున్నవి. కార్యాలయాలలోని సాధారణ స్కానరు, జిరాక్సు కలిసిన యంత్రం ఈ పనికి రావు. అవి కాగితం మీద పడి తిరిగి వచ్చే వెలుగును చదువుతాయి. ఫిలింకు వెలుగు దానిగుండా రావలెను. అందుచేత మూతలో కూడ దీపమున్న బల్లపరుపు స్కానరే కొనవలెను. 120 రకం ఎక్కువగా ఉన్న ఇంటికి నా సలహా ఇదే. పైగా దీనితో పాత ఉత్తరాలు, దస్తావేజులు, పటాలు కూడ స్కాన్ చేసుకొనవచ్చును. రెండవది పైన చెప్పిన ప్లస్టెక్ వంటి ఫిలిం స్కానరు. చిన్న ఫిలింకు శ్రేష్ఠం, కాని పట్టీని ఒక్కొక్క చిత్రం చొప్పున చేతితో జరపవలెను. వంద నెగెటివులైతే ఓపిక ఉంటుంది, వేయి అయితే ఉండదు. నికాన్ వారి కూల్‌స్కాన్ యంత్రాలు ఈ తెగలో మేటి. వాటి తయారీ ఆగి చాలాకాలమైనది. పాతవి అమ్మకానికి వస్తాయి గాని, చెడితే బాగుచేసేవారు మన ప్రాంతంలో దొరకరు. మూడవది చిన్న తెరతో వచ్చే డబ్బా స్కానరు. వాస్తవానికి అది స్కానరు కాదు, డబ్బాలో బిగించిన చిన్న కెమెరా. సెకన్లలో పని ముగుస్తుంది. వెలుగునీడల వివరాలను అణచివేసి జెపెగ్ రూపంలోనే ఇస్తుంది. ఏ నెగెటివులో ఎవరున్నారో గుర్తించడానికి పనికివస్తుంది, భద్రపరచడానికి కాదు.

నాల్గవ మార్గం డిజిటల్ కెమెరాతో నెగెటివును ఫోటో తీయడం. కెమెరా ఇదివరకే ఉన్నవారికి ఇదే ఉత్తమమని నా అభిప్రాయం. దగ్గరి వస్తువులను తీసే మాక్రో కటకం, కెమెరాను నిలువుగా క్రిందికి చూపే స్టాండు, సమంగా వెలిగే ఎల్.ఇ.డి. పలక, ఫిలింను చదునుగా పట్టే చట్రం కావలెను. రంగుల ఫిలిం అయితే పలక కొనేటప్పుడు సి.ఆర్.ఐ. సంఖ్య 95కు తగ్గకుండ చూడవలెను. తగ్గితే చర్మపు రంగు ఎంత దిద్దినా కుదరదు. కెమెరా, ఫిలిం సమాంతరంగా ఉన్నవో లేవో తెలుసుకొనడానికి చిన్న ఉపాయమున్నది. ఫిలిం ఉంచే చోట ఒక చిన్న అద్దం పెట్టి కెమెరాలో చూడవలెను. కటకం ప్రతిబింబం సరిగా నడిమధ్యన కనబడితే అమరిక కుదిరినట్లే. పూర్తి ఫ్రేము 24 మెగాపిక్సెల్ కెమెరాతో 35 మిల్లీమీటర్ల చిత్రాన్ని నిండుగా తీస్తే అంగుళానికి 4200 చుక్కలు దాటుతాయి. ఒక్కొక్కదానికి పట్టే కాలం కొన్ని సెకన్లు.

"ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో ఇస్తే పోదా?" అనేవారున్నారు. నేనూ మొదట అట్లే చేసినాను. ఒక పట్టణంలోని దుకాణంలో మా ఇంటి నెగెటివులు పదునాలుగు ఇచ్చినాను. వారంలో సీ.డి. వచ్చినది. తెరిచి చూస్తే ప్రతి చిత్రమూ ఒక మెగాబైటుకు లోపు. అంచులు కత్తిరించినారు. ముఖాలను నునుపు చేసినారు. మా తండ్రిగారి నుదుటి మీది గాటు మాయమైనది. అది చాలక నాలుగు చిత్రాల పట్టీని తమ చట్రంలో పట్టలేదని రెండుగా కోసినారు, కోత ఒక చిత్రం మీదుగా పోయినది. బయట ఇవ్వక తప్పనివారు ముందుగానే టిఫ్ రూపం, అంచులతో సహా పూర్తి చిత్రం, ఎట్టి దిద్దుబాటు లేకుండ అని కాగితం మీద వ్రాసి ఇవ్వవలెను.

ఇక సాఫ్టువేరు. యంత్రంతో వచ్చేది మొదట వాడి చూడడమే న్యాయం. ఎప్సన్ వారి సాఫ్టువేరు గృహోపయోగానికి చాలావరకు సరిపోతుంది. అది చాలనప్పుడు రెండు పేర్లు వినబడతాయి. 1998 నుండి ఉన్న వ్యూస్కాన్ ఒకటి. తయారీదారులు వదిలివేసిన పాత స్కానర్లను సైతం నేటి కంప్యూటర్లపై నడిపించడం దీని ఘనత. వేలాది నమూనాలను గుర్తిస్తుంది, విండోస్, మ్యాక్, లినక్సు మూడింటిపైనా పనిచేస్తుంది. దీని ముఖం మాత్రం అంత ప్రసన్నంగా ఉండదు. రెండవది జర్మనీలోని కీల్ నగరానికి చెందిన సిల్వర్‌ఫాస్ట్. రంగుల ఫిలిం రకాన్నిబట్టి నారింజ పొరను తొలగించడంలో, నీడలలోని వివరాన్ని రాబట్టడంలో దీనికి మంచి పేరున్నది. కాని దీని అనుమతి మీరు వాడే స్కానరు నమూనాకు కట్టుబడి ఉంటుంది. యంత్రం మార్చితే మరల వెచ్చించవలసి రావచ్చును. ప్లస్టెక్ యంత్రాలతో ఇది కలిసి వస్తుంది. రెండింటికీ ప్రయత్నించి చూసే ప్రతులు ఉన్నవి, చిత్రంపై ముద్ర వేసి ఇస్తాయి. డబ్బు చెల్లించడానికి ముందు స్వంత నెగెటివులతో ఒక సాయంత్రం పరీక్షించుకొనవలెను. కెమెరాతో తీసేవారికి ఉచితమైన డార్క్‌టేబుల్‌లో నెగాడాక్టర్ అనే విభాగం 2020 నుండి ఉన్నది. నెగెటివును పాజిటివుగా మార్చడానికి అది చక్కగా ఉపకరిస్తుంది.

ఏ సాఫ్టువేరైనను, దిద్దుబాటు లేని ముడి చిత్రాన్ని 16 బిట్ల టిఫ్‌గా ఒకసారి దాచుకొని, దిద్దుబాట్లన్నీ దాని నకలు మీద చేయవలెను. మన కన్ను మారుతుంది, సాఫ్టువేరు మారుతుంది. నెగెటివును మరల మరల బయటికి తీయడం మంచిది కాదు.

దుమ్మును తొలగించే పరారుణ శుద్ధి గురించి ఒక హెచ్చరిక. చాల యంత్రాలలో డిజిటల్ ఐస్ అనే పేరుతో ఉంటుంది. పరారుణ కిరణం రంగుల ఫిలింలోని వర్ణకాలగుండా సాగిపోతుంది, దుమ్ము, గీతల వద్ద మాత్రం అడ్డగింపబడుతుంది. అట్లు మచ్చ ఎక్కడున్నదో యంత్రానికి తెలుస్తుంది. నలుపు తెలుపు ఫిలింలో చిత్రమే వెండి. వెండి ఆ కిరణాన్ని ఆపివేస్తుంది గనుక యంత్రం చిత్రాన్నే దుమ్ముగా భావించి తుడవబూనుతుంది. ఈ సంగతి తెలియక మా తండ్రిగారి చిత్రానికి దానిని ప్రయోగించినాను. ముఖం మీద మైనం కరిగి కారినట్లు వచ్చినది. ఫిలిం పాడైనదనుకొని ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు ఆ గుర్తు తీసివేసి చేస్తే చిత్రం యథాతథంగా ఉన్నది. నలుపు తెలుపుకు ఐస్ వాడరాదు. దుమ్మును రబ్బరు ఊదుబుర్రతో ముందే తొలగించవలెను.

దుమ్ము విషయంలో మన ఊరి పరిస్థితి వేరు. ప్రత్తి తీతల కాలంలో గాలిలో ఎగిరే నూగు ఫిలింకు ఇట్టే అంటుకుంటుంది. మిరప కళ్ళాల నాటి గాలి సంగతి చెప్పనక్కరలేదు. నేను కిటికీలు మూసి, నేలను తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి, రాత్రి పది దాటిన తరువాత కూర్చుంటాను. ఉక్కపోత భరించవలసినదే. చెమట చేయి ఫిలింకు తగలరాదు, నూలు చేతితొడుగులు వేసుకొని అంచులను మాత్రమే పట్టుకొనవలెను.

పైన శత్రువులన్నాను. అందులో పెద్దది తేమ. సముద్రం మనకు దూరం కాదు. వర్షాకాలం తరువాత పెట్టె తెరిస్తే ఫిలిం మీద సాలెగూటి వంటి తెల్లని బూజు కనబడుతుంది. దానిని నీటితో కడగాలని ఎవరికైనా తోస్తుంది. కడగరాదు. బూజు పట్టిన జెలటిన్ పొర నీటిలో కరిగిపోతుంది, దానితో చిత్రమూ పోతుంది. మొదట ఉన్నది ఉన్నట్లుగా స్కాన్ చేసి, తరువాతనే నీరు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఒక మూల పరీక్షించి చూడవలెను. పెట్టె నుండి పుల్లని వెనిగరు వాసన వస్తే ఎసిటేటు ఫిలిం విచ్ఛిన్నం మొదలైనదని అర్థం. అట్టివాటిని వెంటనే మిగిలినవాటి నుండి వేరుచేసి, వాటినే మొదట స్కాన్ చేయవలెను. మన రేకు పెట్టెలలో రెండింటి నుండి ఆ వాసన వస్తున్నది.

ఫిలింను ఏ వైపుగా పెట్టవలెననేది చిన్న సంగతిగా కనబడుతుంది. మా పూర్వులది దూదేకుల వృత్తి. మా తండ్రిగారు ఈ ప్రత్తి పల్లెలలో పరుపులకు, రజాయిలకు దూది ఏకినవారు. ఆయన పనిలో ఉండగా తీసిన చిత్రం ఒక్కటే, ఆ చదరపు నెగెటివు. పటం ఏనాడో చెదలపాలైనది. ఎట్టకేలకు చక్కగా వచ్చిన చిత్రాన్ని మా మేనత్తకు చూపినాను. ఆమె చాలసేపు చూసి, "ఒరే, మీ నాయనది పుర్రచెయ్యి కాదు గదా!" అన్నది. చిత్రంలో విల్లు కుడిచేత, దానిని మోగించే కొయ్య ఎడమచేత ఉన్నవి. ఫిలింను తిరగవేసి పెట్టినాను. అంచు మీది అంకెలు, అక్షరాలు సరిగా చదవడానికి వీలయ్యేటట్లు పట్టుకుంటే మెరిసే వైపు మనకు ఎదురుగా ఉంటుంది, మసకగా ఉండేది పొర ఉన్న వైపు. ఈ ఒక్క గుర్తు చాలును. గ్రూపు ఫోటోలలో ఈ పొరపాటు జరిగితే "ఎడమ నుండి కుడికి" అని వ్రాసిన పేర్లన్నీ తారుమారు అవుతాయి.

పేర్ల మాట వచ్చినది గనుక మరొకటి. స్టూడియో కవర్లలో కొన్నింటిపై తెలుగులోనూ, కొన్నింటిపై ఉర్దూలోనూ పేర్లు, తేదీలు ఉన్నవి. కవరును కూడ స్కాన్ చేయవలెను. ఫైలు పేరులో పెట్టె సంఖ్య, కవరు సంఖ్య, చిత్రం సంఖ్య అంకెలలో మాత్రమే ఉంచి, వివరాలను ఒక పట్టికలో రెండు లిపులలోనూ వ్రాయడం మేలు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది, రెండింటినీ ఒకే ఫైలు పేరులో ఇరికిస్తే కొన్ని కంప్యూటర్లలో వరుస చెడుతుంది. ఆ చేవ్రాలు చదవగలిగిన ఉర్దూ విభాగం విద్యార్థులు ఈ పనికి ముందుకు రావలెనని కోరుచున్నాను. చిత్రాలలోనివారిని గుర్తించగల వృద్ధులు ఊరిలో ఇంకను కొందరున్నారు, వారి వద్దకు ముందుగా వెళ్ళవలెను. నకళ్ళు మూడు ఉండవలెను: ఒకటి కళాశాల కంప్యూటరులో, ఒకటి విడిగా హార్డుడిస్కులో, ఒకటి ఊరికి దూరంగా మరొక చోట.

కమిటీ పెద్దలకు నా సలహా ఇది. నేను చూసినంతలో మన పెట్టెలలో ముప్పాతిక మువ్వీసం 120 రకమే. మూతలో దీపమున్న బల్లపరుపు స్కానరు ఒకటి కొంటే చాలును. ఖరీదైన ఫిలిం స్కానరు అక్కరలేదు. మిగిలిన రంగుల 35 మిల్లీమీటర్ల పట్టీలకు కళాశాలలో ఉన్న కెమెరాకే ఒక మాక్రో కటకం, వెలుగు పలక చేర్చుకొనవచ్చును. సాఫ్టువేరుకు మొదటి ఆరు నెలలు ఏమీ వెచ్చించవద్దు. మిగిలే ద్రవ్యంతో ఆమ్లం లేని కాగితపు కవర్లు, సిలికా జెల్, మూత బిగుతుగా ఉండే పెట్టెలు కొనవలెను. స్కాన్ అయినవి గదా అని నెగెటివులను వెండి వ్యాపారికి ఇచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకొనవలెను. వెనిగరు వాసన వస్తున్న ఆ రెండు పెట్టెలను నేను వేరే గదిలోకి మార్పించినాను. వాటిలో ఒకదాని కవర్ల మీద మన కళాశాల పేరే ఉన్నది. స్కానరు వచ్చిన రోజున పని ఆ పెట్టెతోనే ప్రారంభించవలెను.